స్పెయిన్‌కి ఏమైనా పంపాలా?

శ్రీరామమూర్తికి ఒక జబ్బు ఉంది. దోహాలో ఎంత పెద్ద డాక్టరు దగ్గరికి పోయినా దానికి మందు రాయలేడు. ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన 'కుదరదు' అనలేడు. అంతటితో ఆగితే పోనీ మంచితనం అనుకుని సరిపెట్టుకోవచ్చు. ఎవరూ అడక్కపోయినా తనే వెళ్ళి, "ఏమైనా కావాలా?" అని అడిగి మరీ తలకెత్తుకుంటాడు. దీన్నేమనాలో ఆయనకే తెలియదు. "అదెంత పనండీ!" అన్నది ఆయన ఊతపదం. ఆ ముక్క నోట్లోంచి ఊడిపడ్డాకగానీ అది ఎంత పనో ఆయనకు తెలిసిరాదు.

ఈ ఊతపదం పుణ్యమా అని తెలిసినవాళ్ళలో ఎవరి పెళ్ళాంబిడ్డలు ఊరినుంచి దిగినా ఎయిర్‌పోర్టుకి కారు మూర్తిదే. ఎవరు ఇల్లు మారినా ఫ్రిజ్జుకి ఒక చివర మూర్తే. ఒకసారి ఎవరో పెద్దమనిషికి డ్రైవింగ్ టెస్టు దగ్గర తోడు వెళ్ళాడు. ఆ పెద్దమనిషి టెస్టు తప్పితే ఓదార్చి, బిర్యానీ తినిపించి, ఇంటిదాకా దింపి, తన ఇంటికొచ్చి భార్య చేత చీవాట్లు తిన్నాడు. ఆ రోజు వాళ్ళ పెళ్ళిరోజు.

ఆ భార్య పేరు భానుమతి. ఒక ఇండియన్ స్కూల్లో సోషల్ టీచరు. కాపురం ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో, ఒక పాత బిల్డింగు మూడో అంతస్తు. మూర్తి మెసైమీర్‌లో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో ఏసీ ఇంజనీరు. ఎండకి మాడిపోయే అంతంత భవనాలను చల్లబరచడం ఆయన ఉద్యోగం. ఇంట్లో మాత్రం ఆ విద్య ఎన్నడూ పనిచేయలేదు.

ఇన్నేళ్ళలో వాళ్ళకి వెకేషన్ అంటే ఊరికి పోవడమే. గల్ఫ్‌లో ఎవర్ని అడిగినా ఆ మాటకి అదే అర్థం చెప్తారు. కాకినాడ చేరీ చేరగానే ఒక పెళ్ళి, ఒక గృహప్రవేశం, ఒక ఆస్తి తగాదా, అలిగి కూర్చున్న ఇద్దరు ముగ్గురు చుట్టాలు. భానుమతి సెలవంతా వంటింట్లో గడిపి, తిరిగొచ్చాక రెండు రోజులు మంచం దిగేది కాదు. ఒక్కగానొక్క కూతురు ప్రతిమ చదువు ముగించి బెంగళూరులో ఉద్యోగంలో కుదురుకున్నాక, ఈసారి ఈద్ సెలవులకు ఆవిడ నోరు తెరిచి ఒక కోరిక కోరింది.

"స్పెయిన్ వెళ్దామండీ. మనిద్దరమే. మనల్ని ఎవరూ ఎరగని చోట పదిరోజులు ఉండాలనుంది నాకు. ఎవరికీ కాఫీ కలపకుండా, ఎవరి బాగోగులూ అడక్కుండా."

"అదెంత పని!" అన్నాడు మూర్తి.

స్పెయిన్ మీదే మనసెందుకు పడిందంటే, మధ్యయుగాల పాఠం చెప్పేటప్పుడల్లా ఆవిడ పిల్లలకి గ్రనాడా కోట బొమ్మ చూపించేది. కొండ మీద ఎర్రటి కోట. లోపల రాతి సింహాలు వీపున మోసే ఫౌంటెన్, నేల మీద పాలరాయిని చీల్చుకుని పారే సన్నటి కాలవలు. ఆ నీళ్ళ చప్పుడు వింటూ ఒక పూట కూర్చోవాలని ఆవిడ కోరిక. అక్కడి రాజమందిరాల్లోకి పోవాలంటే పేరు, తేదీ, వేళ అన్నీ వేసి మరీ టికెట్ ఇస్తారు, దొరకడం కష్టం. భానుమతి ముందే కొనిపెట్టింది. కోట తర్వాత సెవిల్లా, అక్కడ వీధుల నిండా నారింజ చెట్లు పూతకొచ్చే కాలమట. కోర్దొబాలో ఎరుపూ తెలుపూ చారల కమానుల కింద నడవాలి. కాదిజ్‌లో సముద్రం. పొద్దున్నే జంతికల్లాంటి చుర్రోలు చిక్కటి వేడి చాక్లెట్‌లో ముంచుకుని తినాలి. సాయంత్రాలు అక్కడి జనం ముసలీ ముతకా అందరూ మంచి బట్టలేసుకుని వీధుల్లోకొచ్చి ఊరికే తిరుగుతారట. ఏ పనీ లేకుండా ఊరికే తిరగడం అన్నది ఆవిడకి అన్నింటికన్నా నచ్చింది.

అంతా బాగానే ఉంది. మూర్తి పక్కనున్న నజ్మా పేటకి టీ తాగడానికి వెళ్ళకపోయి ఉంటే ఇంకా బాగుండేది.

గల్ఫ్‌లో ఒక మర్యాద ఉంది. వెకేషన్‌కి పోయేవాడు నలుగురినీ, "ఊళ్ళో మీవాళ్ళకి ఏమైనా పంపాలా?" అని అడగాలి. ఆ నలుగురూ తలో ప్యాకెట్టూ తెచ్చిస్తారు. పెట్టెలో సగం సామాను పరాయివాళ్ళదే, దానికి ఎవరూ ఏమీ అనుకోరు, ఎందుకంటే రేపు వాళ్ళ పెట్టెలో మన సామాను పోతుంది. ఇది కాకినాడకీ కరీంనగర్‌కీ పోయేటప్పటి మర్యాద. స్పెయిన్‌కి పోతూ కూడా పాటించాలని మూర్తికి తప్ప ఇంకెవరికీ తోచి ఉండదు.

కరక్ టీ కొట్టు దగ్గర సువార్తరావు కనబడ్డాడు. పాలకొల్లు మనిషి, ఏదో కంపెనీలో ఫైళ్ళు చూసే ఉద్యోగం, మూర్తికి పాత స్నేహితుడు.

"ఈద్‌కి స్పెయిన్ పోతున్నామండీ. ఏమైనా పంపాలా?" అన్నాడు మూర్తి.

సువార్తరావు గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది. "స్పెయిన్‌కాండీ? మాకెవరున్నారండీ అక్కడ!"

"ఆలోచించండి, మొహమాటపడకండి."

"అబ్బే, మొహమాటం ఏం లేదండీ. నిజంగానే ఎవరూ లేరండి."

"తెలుగువాడు లేని దేశం ఉందా సువార్తరావుగారూ! మీ సుసన్నగారి వైపు చూడండి."

సువార్తరావు భార్య వైపు చుట్టాలందరినీ తలుచుకుంటూ సగం టీ ముగించాడు. "ఆఁ, మా బావమరిది కొడుకొకడు ఉన్నాడండోయ్. ఆస్టిన్ అని. వలెన్సియా అంటారే, ఆ ఊళ్ళో చదూకుంటన్నాడు."

"చూశారా మరి! పాపం కుర్రాడు గోంగూర తిని ఎన్నాళ్ళయిందో! ఒక సీసా పెట్టివ్వండి, నేనిచ్చేస్తా. అదెంత పనండీ!"

సువార్తరావు ఏదో అనబోయి, టీలోకి చూసి, "అలాగేనండి" అన్నాడు.

పక్క సందులో కర్రీ పాయింటు నడిపే నెల్లూరు సుభాషిణికి కూడా ఇదే మర్యాద జరిగింది. ఆవిడ పినతల్లి మనవరాలు అమ్ము బిల్బావోలో ఉన్నట్టు మూర్తే తవ్వి తీశాడు. ఆఫీసులో పక్క సీటు నిరంజన్‌ని కూడా వదల్లేదు. కరీంనగర్ వాడు, మూర్తికన్నా పదేళ్ళు చిన్న. వాళ్ళన్న కొడుకు జయంత్ బార్సిలోనాలో ఉన్నాడని తేలేదాకా మూర్తి రోజూ అడుగుతూనే ఉన్నాడు.

వారం తిరక్కుండా వెనక గదిలో మూడు అట్టపెట్టెలు చేరాయి. గల్ఫ్ పద్ధతిలో చుట్టూ టేపు, దానిమీద తాడు, ఆ పైన మార్కరుతో పేరు. మూర్తికి వాటిని చూస్తే కడుపు నిండినట్టయింది. ముగ్గురు పిల్లలకీ ఫోన్లు చేసి ఏ స్టేషన్లో ఏ వేళకి కలుసుకోవాలో కూడా ఖాయం చేసేశాడు. ముగ్గురూ చాలా మర్యాదస్తులు, "అలాగే అంకుల్" తప్ప ఇంకో మాట అనలేదు.

భానుమతి స్కూలు నుంచి వచ్చి ఆ గది తలుపు దగ్గరే ఆగిపోయింది.

"ఇవేంటండీ?"

"పాపం బతిమాలారు భానూ. పిల్లలు పరాయిదేశంలో ఉన్నారు కదా. నోరు తెరిచి అడిగితే ఎలా కాదంటాం?"

నోరు తెరిచి అడిగింది ఎవరో మూర్తికి తెలుసు. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆయన నిజంగానే నమ్మేశాడు. తన అబద్ధాల్ని అందరికన్నా ముందు తనే నమ్మడం ఆయనకున్న మరో గుణం.

భానుమతి పుస్తకాల సంచీ దించి, ఫోన్లో మ్యాపు తెరిచి మంచం మీద పెట్టింది. గ్రనాడా దక్షిణాన. వలెన్సియా తూర్పున. బిల్బావో ఉత్తరాన ఆ చివర. బార్సిలోనా ఇంకో మూల.

"నా కోట టికెట్ ఉన్న రోజు మనం ఎక్కడుంటాం?" అంది.

మూర్తి మ్యాపు కేసి చూశాడు, సీలింగు కేసి చూశాడు. "బిల్బావోలో. అమ్ముకి ఆ రోజే సెలవట."

"సెవిల్లా?"

"మనమెక్కే బస్సు అటువైపుగా పోదు."

"కాదిజ్ సముద్రం?"

"బార్సిలోనాలో కూడా సముద్రం ఉంది భానూ! సముద్రం సముద్రమే కదా. ఇక కోటంటావా, వందల ఏళ్ళ నుంచీ అక్కడే ఉంది, ఎక్కడికీ పోదు."

"నేను అన్ని వందల ఏళ్ళు ఉండనండీ" అంది భానుమతి.

ఒక పెట్టె తాడు కింద వేలు దూర్చి వాసన చూసింది. "ఇందులో నెయ్యి ఉంది. పాలతో చేసినవేవీ ఆ దేశాల్లోకి రానివ్వరు."

"అయితే తీసేద్దాం."

"తీసి?" అని ఆవిడ మంచం మీద కూర్చుంది. కోపంగా ఉంటే మూర్తి తట్టుకునేవాడు. ఆవిడ గొంతు క్లాసులో పాఠం అయిపోయాక పిల్లలతో మాట్లాడే గొంతులా ఉంది. "మీరు ఎవరికీ కాదనలేరని అందరూ మెచ్చుకుంటారు. నేనూ చాలాకాలం అదే అనుకున్నా. కానీ నాకు మాత్రం హాయిగా కాదంటారు. పెళ్ళిరోజుకి కుదరదన్నారు. ప్రతిమ కాలేజీలో చేరేటప్పుడు తోడు రమ్మంటే కుదరదన్నారు. ఇప్పుడు గ్రనాడా కుదరదంటున్నారు. మీకు మొహమాటం లేని మనిషిని ఈ లోకంలో నేనొక్కదాన్నేనండీ."

ఆవిడ చెప్పిన మొదటి రెండింటికీ తను ఏ సాకు చెప్పాడో కూడా మూర్తికి గుర్తు లేదు. అంత తేలిగ్గా చెప్పాడన్నమాట.

"రేపే అన్నీ తిరిగిచ్చేస్తాను. అదెంత..." అని మిగతా ముక్క మింగేశాడు.

మర్నాడు సాయంత్రం సుభాషిణి పెట్టెని డిక్కీలో వేసుకుని నజ్మా బయల్దేరాడు. దారిపొడుగునా 'కుదరదమ్మా' అని అద్దంలో చూసుకుంటూ సాధన చేశాడు. సైట్లో రోజుకి ఎంతమందికో 'మాఫీ' అంటాడు. పైపు మాఫీ, ఓవర్‌టైమ్ మాఫీ, లిఫ్టు మాఫీ. అరబ్బీలో 'లేదు', 'కాదు' అనడానికి ఆయనకి ఏ బాధా లేదు. తెలుగులోకి వచ్చేసరికే నాలుక మడతపడుతుంది.

సుభాషిణి గరిటెతో సాంబారు ప్యాక్ చేస్తూ, "రండన్నయ్యా!" అని నవ్వింది. ఆ నవ్వు చూసేసరికి మూర్తి సాధన అంతా గాలికి పోయింది. తెలుగు మొగుళ్ళందరి చేతిలోనూ ఉండే అతి పాత ఆయుధం ఆయన చేతికి దానంతటదే వచ్చేసింది.

"మా ఆవిడ ఒప్పుకోవడం లేదమ్మా."

అనేశాక ఎంత తేలికైపోయిందో! సుభాషిణి "అయ్యో, అలాగా!" అని పెట్టె తీసుకుంది. రెండు మిరపకాయ బజ్జీలు కూడా పెట్టింది. మూర్తి లొట్టలేసుకుంటూ తిని, ఇంతకాలం ఈ కిటుకు ఎందుకు తట్టలేదా అనుకుంటూ ఇంటికి వచ్చాడు.

ఆయన కారుకన్నా ఫోను వేగంగా పరిగెత్తింది. ఇంటికి చేరేసరికి భానుమతి తెరిచిన సూట్‌కేసులోంచి చీరలు తీసి మళ్ళీ బీరువాలో సర్దుతోంది.

"సుభాషిణి ఫోన్ చేసింది" అంది వెనక్కి తిరక్కుండా. "'అక్కా, మీకు కోపం వచ్చిందటగా, బరువైతే నెయ్యి తీసేస్తాను, పచ్చడొక్కటే పట్టుకెళ్ళండక్కా' అని బతిమాలింది. తప్పు చేసినదానిలా మాట్లాడింది పాపం."

"భానూ, అది..."

"నేను రావడం లేదండీ. ఉన్న పెట్టెలు తీసుకుని మీరు వెళ్ళిరండి. ఊరందరి దృష్టిలో గయ్యాళినై, ఆ పేరు మోసుకుంటూ కోట చూడాలని లేదు నాకు."

తర్వాత అన్నం పెట్టింది. నెయ్యి వేసింది. అప్పడం వేసింది. మూర్తి కంచంలోకి చూసుకుంటూ తనని తను తిట్టుకున్నాడు. అందరి దగ్గరా మంచివాడు అనిపించుకోవడానికి ఇన్నాళ్ళూ తన సొమ్మేదో ఖర్చుపెడుతున్నాననుకున్నాడు. ఖర్చయింది భానుమతి సంతోషం. బీరువా తలుపు మూసిన చప్పుడు చెవిలో ఉండిపోయింది. ఆవిడ నిజంగానే రాదేమోనని మొదటిసారి భయమేసింది.

పొద్దున ఆఫీసులో అడుగుపెట్టీ పెట్టగానే నిరంజన్ టేబుల్ మీద పెట్టె పెట్టేశాడు. కూర్చుంటే మళ్ళీ మాట మారిపోతుందేమోనని నిలబడే చెప్పాడు.

"నిరంజన్, ఇది నేను తీసుకుపోలేను. మా ఆవిడ వద్దనలేదు. నేనే. నాకు ఇష్టం లేదు."

చెవులు కాలిపోయాయి. పైకప్పు కూలుతుందేమోనన్నట్టు కళ్ళు కూడా కొంచెం మూసుకున్నాడు.

నిరంజన్ కుర్చీలో వెనక్కి వాలి పెద్ద నిట్టూర్పు విడిచాడు. "హమ్మయ్య, బతికిన సర్!"

"ఏమిటీ?"

"తప్పుగ అనుకోకుండ్రి సర్. మీరు దినాం అడిగిన్రు. ఏమియ్యకపోతే ఫీలయితరని మా ఇంట్లామె సెలవు దినమంత కూసోని సకినాలు చేసింది. ఇగ మావోడు జయంత్ ఇప్పుడు బార్సిలోనల లేడు సర్. ట్రైనింగని జర్మనీ పోయిండు."

"మరి నాతో స్టేషన్‌కి వస్తానన్నాడే!"

"అదే సర్! 'అంకుల్ గంత ప్రేమతోని తెస్తుండు బాబాయ్, నేను లేనంటె ఏం బాగుంటది' అని, ఆ ఒక్కరోజుకు విమానమెక్కి వస్తనన్నడు. టికెట్ గూడ చూస్తున్నడు. ఇయ్యాల్నే ఫోన్ చేసి ఆపుత."

మూర్తి తన సీట్లో కూలబడ్డాడు. సకినాలు తీసుకోవడానికి జర్మనీ నుంచి విమానం! తన ప్రయాణాన్ని చెడగొట్టుకుంటే సరిపోలేదు, ముక్కూమొహం తెలియని కుర్రాడి ప్రయాణాన్ని కూడా చెడగొట్టబోయాడు.

సాయంత్రం గోంగూర పెట్టెతో సువార్తరావు ఇంటికి వెళ్ళాడు. అక్కడా అదే మాట, అలాగే నిలబడి చెప్పాడు. సువార్తరావు ముందు మొహమాటంగా నవ్వాడు, తర్వాత నిజంగానే నవ్వాడు.

"నిజం చెప్పేస్తానండి. మా ఆస్టిన్‌గాడు గోంగూర ముట్టడండి. చిన్నప్పట్నుంచీ ఆడికి పులుపు పడదు."

"మరి ఎందుకు పెట్టిచ్చారండీ?"

"మీరు గోంగూర అన్నారు కదండీ! అంత పెద్దమనిషి నోరారా అడుగుతుంటే కాదంటే ఏం బాగుంటదండీ? మా సుసన్న నాలుగు కొట్లు తిరిగి ఆకు తెచ్చి పెట్టింది. ఆడేమో సీసా తీసుకున్నాక ఏం చెయ్యాలో తెలీక, రూములో ఉన్న స్పెయిన్ కుర్రోడికి ఇప్పట్నుంచీ గోంగూర గొప్పలు చెప్తన్నాడంట."

వంటింటి గుమ్మంలోంచి సుసన్న అందుకుంది. "పోన్లెండి అన్నయ్యగారూ, ఆయన మాటలకేం. మీరు అంత ఆశగా అడిగారు కదా. ఆ ఊళ్ళో మీకు తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు కావాలేమో, ఒంటరిగా ఉంటుందేమో అనిపించిందండి నాకు. అందుకే ఇచ్చాం."

వాళ్ళు గోంగూర సీసాని మళ్ళీ మూర్తి చేతిలోనే పెట్టారు, "ఇంట్లో మీరే తినండి" అని. తిరిగివ్వడానికి వెళ్ళినవాడు దాన్నే మోసుకుని మెట్లు దిగాడు. ఆ మాత్రం కూడా కాదనలేకపోయినందుకు తనని చూసి తనకే నవ్వొచ్చింది.

దారిలో సుభాషిణి దగ్గర ఆగాడు. "నిన్న నీకు అబద్ధం చెప్పానమ్మా. మా ఆవిడ ఏమీ అనలేదు. నాకే చెప్పడం చేతకాక ఆవిడ పేరు వాడుకున్నాను" అన్నాడు.

సుభాషిణి గరిటె ఆపకుండానే, "నాకు నిన్ననే డౌటొచ్చిందిలే అన్నయ్యా. మా ఆయనా అంతే" అంది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న వాళ్ళాయన తల వంచుకున్నాడు.

ఇంట్లో భానుమతి పరీక్ష పేపర్లు దిద్దుతోంది. మూర్తి ఎదురుగా కూర్చున్నాడు. సీసా టేబుల్ మీద పెట్టాడు. జరిగిందంతా చెప్పాడు, జర్మనీ విమానంతో సహా. ఆవిడ పెదవులు కదిలాయి గానీ నవ్వలేదు.

"ఇంకొకటి చెప్పాలి. వాళ్ళెవరూ నన్ను బతిమాలలేదు. నేనే వెంటపడి అడిగాను."

"తెలుసు."

"తెలుసా?"

"మీ సంగతి నాకు తెలీదా! ఎందుకు అడిగారన్నదే అర్థం కాలేదు."

మూర్తి కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకోలేదు. కళ్ళజోడు లేకపోతే ఆవిడ మొహం సరిగ్గా కనబడదు, అప్పుడు చెప్పడం సులువు.

"భయమేసింది భానూ. ఇక్కడ గుమ్మం దాటితే 'మూర్తిగారూ' అని ఎవరో ఒకరు పిలుస్తారు. అక్కడ నేనెవర్ని? పోనీ అదీ సర్దుకుంటా. నీతో పదిరోజులు, ఒక్కణ్ణే! మొదటిరోజు ప్రతిమ గురించి మాట్లాడుకుంటాం. రెండోరోజు మీ స్కూలు. మూడోరోజు ఏం మాట్లాడను? నీ మొహంలో విసుగు కనబడితే? ఇన్నేళ్ళూ నేను కాపురం చేసింది ఈ మనిషితోనా అని నీకనిపిస్తే? అందుకే ఊరికొకరిని పెట్టుకున్నా. ఎవరైనా ఉంటే నీకు ఆ సంగతి తెలియకుండా గడిచిపోతుందని."

భానుమతి ఎర్ర సిరా పెన్నుకి మూత పెట్టింది.

"నాకూ అదే భయమండీ" అంది.

మూర్తి కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఆవిడ ఆయన కేసి చూడడం లేదు, పేపర్ల కట్ట కేసి చూస్తోంది.

"ఎవరూ ఎరగని చోటు కావాలి అని అన్నాన్నేను. తర్వాత రోజూ అదే ఆలోచన. మీతో పదిరోజులు ఏం మాట్లాడాలి అని. గ్రనాడాలో అయితే నీళ్ళ చప్పుడు ఉంటుంది, మాటలు లేకపోయినా ఫరవాలేదు అనుకున్నా. అందుకే ఆ టికెట్ అన్నిటికన్నా ముందు కొన్నా."

ఆ తర్వాత ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ముందు చిన్నగా, తర్వాత పెద్దగా. మూర్తికి నవ్వుతో పాటు కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి, వాటిని దాచుకోవాలని ఆయనకి అనిపించలేదు. ఆ పూట వేడన్నంలో గోంగూర కలుపుకుని తిన్నారు. సుసన్న పచ్చడి బాగా పెట్టింది. భోజనాలయ్యాక భానుమతి బీరువా తెరిచి చీరలు మళ్ళీ సూట్‌కేసులోకి దించింది.

ప్రయాణం రోజున ఎయిర్‌పోర్టులో వాళ్ళ ముందు ఊరికి పోయేవాళ్ళ అట్టపెట్టెలు బండ్ల మీద తాళ్ళతో సహా కదిలిపోతున్నాయి. మూర్తి చేతిలో ఒక చిన్న సూట్‌కేసు, భానుమతి చేతిలో ఇంకొకటి. ఇంత తక్కువ బరువుతో దేశం దాటడం ఆయనకి ఇదే మొదటిసారి. ఏదో మర్చిపోయాననిపించి జేబులు తడుముకుంటూనే ఉన్నాడు.

ఇమిగ్రేషన్ వైపు నడుస్తుంటే వెనక నుంచి ఒక గొంతు వినబడింది.

"మూర్తిగారూ! ఓ మూర్తిగారూ! ఒక్క నిమిషం!"

మూర్తి కాలు దానంతటదే ఆగిపోయింది. అది తెలిసిన గొంతు. ఎవరిదో గుర్తుకు రావడం లేదు గానీ, ఎక్కడో ఎప్పుడో ఆ మనిషికి 'అదెంత పనండీ' అని ఉంటాడు. ఎవరికో ఏదో చెప్పాలేమో, ఏదైనా ఇవ్వాలేమో, పెట్టె బరువెక్కువైందేమో. మెడ అప్పటికే సగం తిరిగింది.

"మిమ్మల్నేనండీ పిలుస్తున్నారు" అంది భానుమతి. చెయ్యి పట్టి లాగలేదు. కళ్ళతో కూడా వద్దనలేదు. ఊరికే నిలబడి ఆయన ఏం చేస్తాడా అని చూస్తోంది.

మూర్తి మెడని వెనక్కి తెచ్చుకోవడానికి నిజంగానే కష్టపడ్డాడు.

"లోకంలో మూర్తులకేం తక్కువ!" అని నడక సాగించాడు.

పాస్‌పోర్టు మీద ముద్ర పడింది. అటుపక్కకి రాగానే భానుమతి, "ఎవరై ఉంటారండీ?" అంది. ఆ గొంతు తెనాలి వాళ్ళదని మూర్తి అన్నాడు. కాదు, ఆ సాగదీత చూస్తే బందరుదని భానుమతి అంది. పెద్దాయనని ఒకరు, కుర్రాడని ఒకరు. పాపం నిజంగా ఏదైనా అవసరమేమో అని ఆయన, ఉంటే ఫోన్ చేసేవాడు కదా అని ఆవిడ. మాడ్రిడ్‌లో విమానం దిగేదాకా ఆ వాదన తెగలేదు.